కల్లు సీసాలో భవిష్యత్తు

(నిజామాబాద్‌లో పాఠకుల సమావేశంలో ఒక రిటైర్డ్ ఫార్మకాలజీ అధ్యాపకుడు చేసిన ప్రసంగం. రాలేకపోయిన మిత్రుల కోసం రికార్డింగు విని రాసిపెట్టాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ పిల్లలూ, ముందు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, వచ్చి కూర్చోండి. నిలబడి వినే విషయం కాదు ఇది.

సైన్స్ ఫిక్షన్‌లో మత్తుమందుల గురించి మాట్లాడమన్నారు. నేను ముప్పై ఏళ్ళు ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెప్పాను. మందు ఒంట్లోకి పోయి ఏం చేస్తుంది, ఒంట్లోంచి ఎట్లా బయటికి పోతుంది, ఇదే నా పాఠం. సైన్స్ ఫిక్షన్ చదవడం చిన్నప్పటి నుంచీ ఉన్న ఇష్టం. ఈ రెండింటికీ సంబంధం ఉందని నాకు చాలాకాలం తోచలేదు. 2015లో మా చిన్నమామ వల్ల తోచింది. అక్కడి నుంచే మొదలుపెడతాను.

మామది ఈ జిల్లాలోనే ఒక పల్లె. పొద్దంతా పొలం, సాయంత్రం కల్లు దుకాణం. రోజుకు రెండు సీసాలు, పండగైతే మూడు. బ్రాందీ ముట్టుకునేవాడు కాదు. మా అత్త ఎప్పుడన్నా కోప్పడితే "కల్లు చలువనే, చెట్టు ఇచ్చింది తాగుతున్న" అనేవాడు. ఆ ఏడాది కల్తీ కల్లు మీద దాడులు జరిగాయి, దుకాణాలు మూతపడ్డాయి. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది, ఎందుకంటే ప్రతి ఊళ్ళోనూ జరిగింది. మామకు రెండో రోజు నుంచి నిద్ర లేదు. మూడో రోజుకు చేతులు వణుకు. గోడ మీద ఎవరో పాకుతున్నారని కేకలు. నాలుగో రోజు ఫిట్స్. అత్త ఫోన్ చేసి, గాలి సోకింది, తొందరగా రా అని ఏడ్చింది. నేను పోయేసరికి ఆస్పత్రిలో మంచాలు చాలక వరండాలో కూడా పడుకోబెట్టారు. అందరికీ అదే వణుకు. ఒకే ఊరికి ఒకే రాత్రి గాలి సోకుతుందా?

"ఏం తాగినవ్ మామా?" అని అడిగాను. "కల్లేరా. ఇంకేం తాగుత?" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయనకు తెలిసిన నిజం అదే. కానీ ఆ సీసాలో ఉన్నది చెట్టు ఇచ్చింది కాదు. అల్ప్రాజోలం.

అల్ప్రాజోలం అంటే మీకు తెలుసు. టెన్షన్ ఎక్కువైనా, నిద్ర పట్టకపోయినా డాక్టరు రాసే చిన్న మాత్ర. అందులో మందు అర మిల్లీగ్రామే. ఇప్పుడు లెక్క వేయండి, ఫార్మసీ పిల్లలు ముందు వేయండి. ఒక గ్రాముకు రెండు వేల మాత్రలు. ఒక కిలోకు ఇరవై లక్షల మాత్రలు. చేతి సంచిలో పట్టే తెల్లపొడి. ఈత చెట్లు, తాటి చెట్లు తగ్గిపోయాయి, తాగేవాళ్ళు తగ్గలేదు. ఉన్న కల్లులో నీళ్ళు కలిపి, చక్కెర కలిపి, ఈ పొడి చిటికెడు వేస్తే సరిపోతుంది. పైగా ఇంకో లాభం ఉంది. దానికి అలవాటు పడ్డ ఒంటికి అసలు కల్లు సరిపోదు. వాడు మళ్ళీ అదే దుకాణానికి వస్తాడు. రాక తప్పదు.

ఇక్కడ ఒక మాట, ఇది ప్రాణానికి సంబంధించింది, రాసుకున్నా మంచిదే. ఇట్లాంటి మందు ఏళ్ళ తరబడి తీసుకున్నవాళ్ళు ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణం పోవచ్చు. సారా, బ్రాందీ బాగా అలవాటైనవాళ్ళకూ అంతే. ఇంట్లో గదిలో పెట్టి గడియ వేస్తే మానిపోతుంది అనుకోకండి. డాక్టరు దగ్గర కొద్దికొద్దిగా తగ్గించాలి.

సరే. ఆ రాత్రి వరండాలో మామ పక్కన కూర్చుని ఉంటే నాకో పోలిష్ నవల గుర్తొచ్చింది. స్టానిస్లావ్ లెమ్ 1971లో రాసిన 'ద ఫ్యూచరలాజికల్ కాంగ్రెస్'. అందులో హీరో ఒక సభకు వెళ్ళి హోటల్లో దిగుతాడు. దాహమేసి కుళాయి నీళ్ళు తాగుతాడు. అంతే, ఉన్నట్టుండి మనసు నిండా ప్రేమ. కనిపించిన ప్రతివాడూ మంచివాడే అనిపిస్తాడు. తనకేదో అయిందని అతనికి అనుమానం వస్తుంది, ఎందుకంటే అతనికి తన మనసు ఎట్లాంటిదో తెలుసు. నీళ్ళలో మందు కలిపారు. తర్వాత అతను 2039లో కళ్ళు తెరుస్తాడు. అక్కడ ప్రతి భావానికీ ఒక మందుంది. ఒకరోజు ఖరీదైన హోటల్లో విందు తింటుంటే ఒక ప్రొఫెసరు అతనికి చిన్న సీసా ఇచ్చి వాసన చూడమంటాడు. చూడగానే బంగారు గోడలు కాంక్రీటు గోడలైపోతాయి. పళ్ళెంలో ఉన్నది మాంసం కాదు, బూడిదరంగు గంజి. లోకం పాడైపోయింది. బాగుచేసే దారి లేక, బాగున్నట్టు కనిపించే మందు గాలిలో కలుపుతున్నారు.

నేను కాలేజీ రోజుల్లో చదివినప్పుడు దీన్ని కల్పన అనుకున్నాను. ఇది మా మామ కథ కదా! తాగేది ఏమిటో తాగేవాడికి తెలియదు. కలిపినవాడికి తెలుసు. సైన్స్ ఫిక్షన్‌లో మత్తుమందుల కథలు మళ్ళీ చదివితే నాకు ఇదే కనిపించింది. వాటిలో మంచివన్నీ మందు గురించి కాదు, ఇచ్చే చెయ్యి గురించి. మనం ఎప్పుడూ తీసుకునే చేతినే చూస్తాం. ఇచ్చే చేతిని ఎవరు చూస్తారు?

సోమ

ఇందులో అన్నిటికన్నా పెద్ద కథ ఆల్డస్ హక్స్‌లీది. 'బ్రేవ్ న్యూ వరల్డ్', 1932. అందులో మందు పేరు సోమ. ఆ పేరు మనదే. ఋగ్వేదంలో తొమ్మిదో మండలం మొత్తం, నూట పద్నాలుగు సూక్తాలు, సోముడి మీదే. మనకు తిక్కన సోమయాజి ఉన్నాడు. సోమయాగం చేసినవాడు కాబట్టి సోమయాజి. ఆ సోమలత ఏ మొక్క అన్న సంగతి మీద పండితుల్లో ఈనాటికీ ఏకాభిప్రాయం లేదు. మన సోమ యాగంలో, మంత్రంతో, ఒక సందర్భంలో తాగేది. హక్స్‌లీ సోమ ఎట్లాంటిది? డ్యూటీ దిగగానే వరసలో నిలబడితే ప్రభుత్వం పంచే మాత్ర. అర గ్రాము వేసుకుంటే ఒక పూట సెలవు తీసుకున్నట్టు. గ్రాము వేసుకుంటే శని, ఆదివారాలు గడిచినట్టు. దిగులు అనేదే ఉండకూడదు, ఎందుకంటే దిగులు పడ్డవాడు ప్రశ్న అడుగుతాడు.

అందులో లిండా అనే ఆవిడ ఉంటుంది. వయసు మళ్ళింది, అందం పోయింది, ఆ లోకంలో ఆమె మొహం చూసేవాళ్ళు లేరు. ఆమె రోజుకు ఇరవై గ్రాముల దాకా మింగుతుంది. డాక్టరు ఇవ్వనిస్తాడు. ఏదో ఒక రోజు ఊపిరి తీసే కేంద్రం పడిపోతుంది, అంతే, అంటాడు. కొడుకు జాన్ అడుగుతాడు, ఆవిడ ఆయుష్షు తగ్గించడం కాదా ఇది అని. ఒక లెక్కన తగ్గించడమే, ఇంకో లెక్కన పెంచడం అంటాడు డాక్టరు. మత్తులో ఉన్న ఆ కాలం ఆమెకు అంతులేనిదిగా ఉంటుందట.

ఈ సంభాషణ నేను క్లాసులో చదివి వినిపించేవాణ్ణి. ఎందుకంటే ఇందులో ఫార్మకాలజీ తప్పు లేదు. 1932 నాటికి నిద్రమాత్రలంటే బార్బిట్యురేట్లు. అవి ఎక్కువైతే మనిషి ఊపిరి ఆగే చచ్చిపోతాడు. హక్స్‌లీ ఊహించి రాయలేదు, తన కాలపు మందుల షాపులో చూసి రాశాడు. ఆ తర్వాతి కథ ఇంకా వింతగా ఉంటుంది. 1959లో అమెరికాలో కండరాల నొప్పికి ఒక మాత్ర వచ్చింది. మందు పేరు కారిసోప్రొడాల్. కంపెనీ దానికి పెట్టిన పేరు సోమ! నవల వచ్చిన ఇరవై ఏడేళ్ళకు అదే పేరుతో మాత్ర. అది ఒంట్లోకి పోయాక మెప్రోబమేట్ అనే మత్తు మందుగా మారుతుంది. జనం అలవాటు పడ్డారు. చివరికి 2012లో అమెరికా ప్రభుత్వం దాన్ని నియంత్రణ ఉన్న మందుల జాబితాలో చేర్చింది. యాభై మూడేళ్ళు పట్టింది.

లిండా చచ్చిపోయాక జాన్ ఆస్పత్రి పనివాళ్ళ దగ్గరికి పోతాడు. వాళ్ళు సోమ కోసం వరసలో ఉంటారు. మీకు స్వేచ్ఛ ఇస్తాను అని మాత్రల డబ్బాలు తీసి కిటికీలోంచి విసిరేస్తాడు. ఎవరు తిరగబడతారు? ప్రభుత్వం మీద కాదు, జాన్ మీద తిరగబడతారు. పోలీసులు వచ్చి ఏం చేస్తారు? లాఠీ ఎత్తరు. గాలిలోకి సోమ ఆవిరి వదులుతారు. అందరూ ఏడుస్తూ ఒకళ్ళనొకళ్ళు కౌగిలించుకుంటారు. 2015లో దుకాణాలు మూయించినప్పుడు మన ఊళ్ళలో జనం ఎవరి మీద కోప్పడ్డారో గుర్తు తెచ్చుకోండి. కలిపినవాడి మీద కాదు, మూయించినవాళ్ళ మీద. నేను వాళ్ళను తప్పు పట్టడం లేదు. ఫిట్స్ వస్తున్న మనిషికి ముందు కావాల్సింది సీసానే. దుకాణం మూసే రోజు కంటే ముందే ఆస్పత్రిలో మంచాలు సిద్ధం చేసి ఉండాల్సింది. నేను ఇది అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను.

హక్స్‌లీ లోకంలో సోమ చట్టవిరుద్ధం కాదు. మరి చట్టవిరుద్ధం అంటే ఏమిటి? జార్జ్ లూకస్ మొదటి సినిమా 'టీహెచ్ఎక్స్ 1138', 1971లో వచ్చింది. అందులో మందు వేసుకోకపోవడం నేరం! వేసుకోనివాడి మీద కేసు పెడతారు. నవ్వకండి. హెరాయిన్‌ను 1898లో ఒక పేరున్న జర్మన్ కంపెనీ దగ్గుమందుగా అమ్మింది. మన దగ్గర మత్తుమందుల మీద 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టంలో గంజాయి నేరం. అదే మొక్క ఆకుతో చేసే భంగు ఆ చట్టం కిందికి రాదు. అల్ప్రాజోలం డాక్టరు చీటీతో షాపులో దొరుకుతుంది, సంచిలో పొడిగా దొరికితే జైలు. గీత ఉండాలి, నేను కాదనను. మందు పాఠం చెప్పినవాణ్ణి, గీత వద్దని ఎట్లా అంటాను? కానీ ఆ గీత మందు లోపల ఉండదు, మనం బయట గీసుకున్నది. ఎవరు గీశారు, ఎక్కడ గీశారు అని అడగాలి. సైన్స్ ఫిక్షన్ దాన్ని ఇంకోచోట గీసి చూపిస్తుంది.

ఇంకొంచెం వెనక్కి పోదాం. జెకిల్, హైడ్ కథ అందరికీ తెలుసు, స్టీవెన్సన్ 1886లో రాశాడు. మంచి డాక్టరు మందు తాగి దుర్మార్గుడవుతాడు, ఇదే మనకు గుర్తు. చివర్లో ఉన్న చిన్న సంగతి చాలామందికి గుర్తుండదు. జెకిల్ దగ్గర లవణం అయిపోతుంది. కొత్తది తెప్పిస్తాడు, పనిచేయదు. లండన్ అంతా వెతికిస్తాడు, దొరకదు. అప్పుడతనికి అర్థమవుతుంది, మొదట కొన్న లవణంలోనే కల్తీ ఉంది. ఆ తెలియని కల్తీ వల్లే మందు పనిచేసింది! ఇంతకాలం తను ఏం తాగాడో చేసినవాడికే తెలియదు. పిల్లలూ, మీ కాలేజీ బయట ఎవరన్నా చిన్న కవరు చేతిలో పెడితే ఈ మాట గుర్తు చేసుకోండి. అందులో ఏముందో ఇచ్చేవాడికీ తెలియదు.

పని చేయించడానికి ఇచ్చే మందుల కథలు కూడా ఉన్నాయి, వాటిని తొందరగా చెప్పేస్తాను. 'ఔట్‌ల్యాండ్' అని 1981 సినిమా. గురుగ్రహం చుట్టూ తిరిగే అయో మీద గని. కూలీలు రెట్టింపు పని చేస్తుంటారు. అక్కడి మేనేజరే వాళ్ళకు మత్తుమందు అందేట్టు చూస్తాడు. కొన్ని నెలలకు ఒక్కొక్కడికీ మతి పోతుంది. దీనికి గురుగ్రహం దాకా పోనక్కర్లేదు. జర్మన్ సైన్యం 1940లో సైనికులకు పెర్విటిన్ అనే మెథాంఫెటమిన్ మాత్రలు కోట్ల లెక్కన పంచింది. నిద్ర లేకుండా నడవాలని.

'డ్యూన్' సినిమా మీరంతా చూశారు. 1965 నవల అది. అందులో స్పైస్ అనే మత్తుమందు ఉంటుంది, అది మానేస్తే మనిషి చచ్చిపోతాడు అని రాశాడు ఫ్రాంక్ హెర్బర్ట్. గమనించండి, హెరాయిన్ మానితే నరకం కనిపిస్తుంది కానీ ప్రాణం పోవడం అరుదు. మానితే ప్రాణం తీసేవి సారా, అట్లాగే మా మామ తాగిన అల్ప్రాజోలం లాంటి మందు. హెర్బర్ట్ స్పైస్ ఈ జాతిది. అందుకే అది ఎవరి చేతిలో ఉంటే సామ్రాజ్యం వాళ్ళది.

నీలి పువ్వు

ఇప్పుడు చెప్పేది నాకు అన్నిటికన్నా ఇష్టమైన పుస్తకం, అన్నిటికన్నా బాధపెట్టిన పుస్తకం. ఫిలిప్ కె. డిక్ రాసిన 'ఎ స్కానర్ డార్క్‌లీ', 1977. మందు పేరు సబ్‌స్టెన్స్ డి. బాబ్ ఆర్క్‌టర్ అనే పోలీసు మారువేషంలో మత్తుకు బానిసలైన స్నేహితుల మధ్య ఉంటాడు. వాళ్ళతో కలిసిపోవాలంటే తనూ తీసుకోవాలి. ఆఫీసులో అతనెవరో పై అధికారికి కూడా తెలియదు, మొహం కనబడని సూటు వేసుకుని వెళ్తాడు. ఒకరోజు అతనికి కొత్త డ్యూటీ పడుతుంది. ఎవరి మీద నిఘా? బాబ్ ఆర్క్‌టర్ మీదే. తన ఇంట్లో కెమెరాలు పెట్టించి, తన టేపులు తనే చూస్తుంటాడు. మందు మెదడు రెండు సగాలనూ విడదీస్తుంది. మెల్లగా, టేపులో కనిపించే మనిషి తనే అన్న సంగతి మరిచిపోతాడు.

ఇంతవరకూ ఒక ఎత్తు. అతను పూర్తిగా పాడైపోయాక న్యూ-పాత్ అనే డీ-అడిక్షన్ సెంటర్‌లో చేరుస్తారు. పేరు మారుస్తారు, నేల తుడిపిస్తారు, చివరికి పొలానికి పంపిస్తారు. అక్కడ మొక్కజొన్న వరసల మధ్య చిన్న నీలి పూలు కనిపిస్తాయి. సబ్‌స్టెన్స్ డి తయారయ్యేది ఆ పువ్వు నుంచే. మాన్పించే సంస్థే పండిస్తోంది! ఇంకో సంగతి, ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. అతను అక్కడికి చేరాలనే అతని పైవాళ్ళు అతన్ని కావాలని పాడుకానిచ్చారు. లోపలికి పోగలిగేది నిజంగా చెడిపోయినవాడే కదా. అతనికి చెప్పలేదు, అడగలేదు. మనసు మిగలని ఆ మనిషి ఒక పువ్వు తెంపి, స్నేహితులకు చూపిద్దామని బూటులో దాచుకుంటాడు. పుస్తకం అక్కడ అయిపోతుంది.

ఇదంతా ఎక్కువ చేసి రాశాడు అనిపిస్తుందా? అమెరికాలో 1996లో ఆక్సికాంటిన్ అనే నొప్పి మాత్ర వచ్చింది. అలవాటు పడే ప్రమాదం తక్కువని చెప్పి అమ్మారు. ఆ మాట జనాన్ని తప్పుదారి పట్టించిందని 2007లో దాన్ని అమ్మిన పర్డ్యూ కంపెనీ కోర్టులో నేరం ఒప్పుకుంది, అరవై కోట్ల డాలర్లు కట్టింది. 2018లో అలవాటు మాన్పించే బ్యూప్రెనార్ఫిన్ మందులో ఒక కొత్త రకానికి పేటెంట్ వచ్చింది. ఆవిష్కర్తల్లో ఆ కంపెనీ యజమానుల కుటుంబానికి చెందిన ఆయన ఒకరు. బ్యూప్రెనార్ఫిన్ మంచి మందు, ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది, దాన్ని నేను ఒక్కమాట అనను. కానీ ఆ వార్త చదివినప్పుడు నాకు ఆ నీలి పువ్వు గుర్తొచ్చింది.

డిక్ పుస్తకం చివర ఒక చిన్న వెనకమాట రాశాడు. తన స్నేహితుల జాబితా. చనిపోయారు, చనిపోయారు, శాశ్వతంగా మతి పోయింది, చనిపోయారు. అందులో తన పేరూ ఉంది, క్లోమం శాశ్వతంగా దెబ్బతింది అని. వాళ్ళు రోడ్డు మీద ఆడుకున్న పిల్లల్లాంటివాళ్ళు, ఒకడి మీంచి బండి పోవడం చూస్తూ కూడా ఆట ఆపలేదు, చేసినదానికి పడ్డ శిక్ష మరీ ఎక్కువ అంటాడు. అదే వెనకమాటలో, ఇది జబ్బు కాదు, బండికి ఎదురుపోవడం లాంటి నిర్ణయం అని కూడా అంటాడు. అక్కడ నేను ఆయనతో ఒప్పుకోను. మొదటిరోజు నిర్ణయమే కావచ్చు. వెయ్యో రోజు కాదు. మా మామ అయితే మొదటిరోజు కూడా నిర్ణయించుకోలేదు, ఆయన తాగుతున్నది కల్లు అనుకున్నాడు. బానిసైన మనిషిని చూడగానే "వాడు కోరి తెచ్చుకున్నాడు" అనే మాట మన నోటికి ఎంత తేలిగ్గా వస్తుందో చూడండి.

ఈ సాహిత్యం మీద నాకున్న ఫిర్యాదు కూడా చెప్పాలి. ఇన్ని మందులు ఊహించారు, కోలుకోవడాన్ని ఎందుకు ఊహించలేదు? విలియం గిబ్సన్ 'న్యూరోమాన్సర్', 1984లో వచ్చింది. అందులో కేస్ అనేవాడికి ఆపరేషన్ చేసి, మత్తు ఎక్కని ఒళ్ళు తయారుచేస్తారు. వాడేం చేస్తాడు? ఆ ఒంటికి కూడా ఎక్కే ఇంకో మందు వెతుక్కుంటాడు. నిజమే, అట్లాగే జరుగుతుంది. మత్తు ఎక్కకుండా అడ్డుకునే నాల్‌ట్రెక్సోన్ లాంటి మాత్ర మన దగ్గరా ఉంది, మనిషి చుట్టూ బతుకు మారకపోతే ఆ మాత్ర ఒక్కటే నిలబెట్టలేదు. కానీ ఈ నవలల్లో వార్డు బయట టిఫిన్ క్యారియర్ పట్టుకుని కూర్చున్న అమ్మ ఎక్కడా ఉండదు. రెండోసారి, మూడోసారి మళ్ళీ మొదలెట్టి, సిగ్గుతో తిరిగొచ్చినవాడికి "రా, కూర్చో" అనే కౌన్సిలర్ ఉండదు. నేను రోజూ చూసింది వాళ్ళనే. ఇక్కడ రాసే పిల్లలు ఉన్నారు కదా, ఆ కథ మీరు రాయండి. తెలుగులో రాయండి.

ఇంట్లో ఎవరన్నా ఇందులో ఇరుక్కుంటే పోలీసులంటే భయంతో దాచిపెట్టకండి. ఎన్‌డీపీఎస్ చట్టంలోనే 64ఎ అనే సెక్షన్ ఉంది. కొద్ది మొత్తంతో పట్టుబడ్డ బానిస తనంతట తాను చికిత్సకు ఒప్పుకుంటే, దాన్ని పూర్తిచేస్తే, విచారణ నుంచి రక్షణ దొరుకుతుంది. మత్తు మానడానికి సాయం చేసే హెల్ప్‌లైన్ ఉంది, 14446కు ఫోన్ చేయవచ్చు. ఫోన్‌లో ఎక్కించుకోండి, నేను ఆగుతాను. ఎక్కించుకున్నారా? మంచిది.

మామ సంగతి అడుగుతున్నారు. బతికాడు. డైజెపామ్ ఇచ్చి, దాన్ని వారాల తరబడి కొంచెం కొంచెం తగ్గిస్తూ వచ్చారు. ఒకసారి మళ్ళీ దుకాణానికి పోయాడు, మళ్ళీ ఆస్పత్రికి తెచ్చాం. రెండోసారి నిలిచాడు. మొన్న 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారని టీవీలో వస్తుంటే ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "వాళ్ళకు గూడ తెల్వదురా" అన్నాడు.

ఆయన కోలుకున్న ఏడాది తర్వాత ఒకరోజు పొద్దున్నే, మా ఊళ్ళో చెట్లెక్కే గౌడన్న అప్పుడే దింపిన నీరా తెచ్చాడు, ఇంకా పులవనిది. డాక్టర్ను అడిగాకే మామకు ఒక గ్లాసు ఇచ్చాం. ఆయన ఒక గుక్క తాగి ఆగాడు. గ్లాసులోకి చూశాడు. మళ్ళీ ఒక గుక్క. "ఇదేం చెట్టుదిరా?" అని అడిగాడు. ఈతచెట్టుదే మామా, మీ పొలం గట్టు మీదిదే అన్నాను. "రుచి యాదికే లేదు" అన్నాడు.